కడిగినకొద్దీ పెరిగే మురికి

‘చాదస్తం’ అన్న మాట మన ఇళ్లలో రోజుకు ఒక్కసారైనా వినబడుతుంది. దాని పుట్టుక తెలిస్తే కొంచెం ఆశ్చర్యం వేస్తుంది. ఛందస్సు అంటే వేదం. వేదం చదువుకున్నవాడు ఛాందసుడు. పాపం, ఎంతో గౌరవంగా పుట్టిన మాట. ఆ ఛాందసుడు లోకం పోకడ పట్టించుకోకుండా తన పద్ధతినే పట్టుకు వేళ్లాడటం చూసి జనం నవ్వుకున్నారు. నవ్వగా నవ్వగా ఛాందసం కాస్తా చాదస్తమై కూర్చుంది. ఈనాడు తలుపు తాళం రెండుసార్లు లాగి చూసే తాతగారిదీ చాదస్తమే, కూరలు మూడు నీళ్లలో కడిగే అత్తగారిదీ చాదస్తమే. పరీక్ష హాల్లో నంబరు సరిగా వేశానో లేదోనని పదిసార్లు చూసుకునే మా కాలేజీ పిల్లలదీ చాదస్తమే.

ఈ మాటలో నవ్వు వుంది, కాస్త ముద్దు కూడా వుంది. చిక్కల్లా ఎక్కడంటే, నవ్వకూడని ఒక బాధను కూడా మనం ఇదే మాటతో పిలుస్తాం. పిలిచి, అంతటితో ఆ సంగతి వదిలేస్తాం.

ఈవారం దీన్ని గురించి రాయటానికి కారణం ఒక పాఠకురాలి ఉత్తరం. పేరూ వూరూ బయటపెట్టవద్దని కోరారు గనుక పెట్టటం లేదు. ఉత్తరంలోని ముఖ్యమైన భాగం ఇది:

“మా బావగారు 2021 మే నెలలో కరోనాతో ఆస్పత్రిలో పోయారు. అక్క ఆయన్ను ఆఖరిసారి చూసింది అంబులెన్సు ఎక్కేటప్పుడు. ఆ తరువాత మూట కట్టిన శరీరాన్ని దూరంనుంచి చూపించారు. ముట్టుకోనివ్వలేదు. అంతకు వారం ముందు కూరల బజారుకు వెళ్లివచ్చింది అక్క. జబ్బు ఇంట్లోకి తెచ్చింది తనేనని ఆమె నమ్మకం. అప్పటినుంచీ మొదలైన కడగటం ఇప్పటికీ ఆగలేదు. పాలపాకెట్టు సబ్బుతో కడగాలి. డబ్బు కాగితాలు కూడా తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. స్నానానికి వెళితే రెండు గంటలు. పిల్లలు కాలేజీనుంచి రాగానే గుమ్మంలోనే బట్టలు మార్చుకోవాలి. మొన్న మా అక్క కూతురి హాల్‌టిక్కెట్టు బయటనుంచి వచ్చిందని తుడిచి తుడిచి అక్షరాలు చెరిపేసింది. పిల్ల ఏడ్చింది, అక్క అంతకంటె ఎక్కువ ఏడ్చింది. తను చేస్తున్నది అర్థంలేని పని అని అక్కకు తెలుసు. అయినా మానలేకపోతోంది. బంధువులు, ‘మొగుడు పోయిన దుఃఖం, అదే సర్దుకుంటుంది’ అంటున్నారు. కొందరు చాదస్తమంటున్నారు. ఇది దుఃఖమా, చాదస్తమా, జబ్బా? ఆనాటి సంగతి ఆమె దగ్గర కదిపితే మంచిదా, కదపకపోతే మంచిదా?”

నేను డాక్టర్ని కాను, తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అందుచేత ఆమెగారికి జబ్బు పేరు పెట్టే అధికారం నాకు లేదు. కాని ఆ రెండు ప్రశ్నలూ ఎంతో తెలివిగా వేసిన ప్రశ్నలు. మనోవైద్యులు ఈ విషయం మీద చెప్పిందేమిటో చదివి తెలుసుకున్నంతవరకు చెప్పగలను. ఆ మాత్రం తెలిస్తే డాక్టరు దగ్గరకు ఎందుకు వెళ్లాలో, వెళ్లి ఏం అడగాలో తెలుస్తుంది.

మొదట జబ్బు సంగతి. డాక్టర్లు దీన్ని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అంటారు. పొట్టిగా ఓ.సి.డి. పేరులో రెండు మాటలున్నట్టే జబ్బులోనూ రెండు సగాలున్నాయి. ఒకటి, వద్దన్నా వచ్చి తలలో కూర్చునే ఆలోచన: చేతికి విషం అంటింది, గ్యాసు కట్టలేదు, నావల్ల ఎవరికో ప్రాణం మీదికి వస్తుంది. రెండవది, ఆ భయం చల్లారటానికి చెయ్యకుండా వుండలేని పని: కడగటం, సరిచూడటం, లెక్కపెట్టటం, మనసులో ఒకే మాట ఇన్నిసార్లని జపించటం, లేదా “ఏం ఫరవాలేదు కదా?” అని ఇంట్లోవాళ్లను పదేపదే అడగటం. ప్రపంచంలో నూటికి ఒకరిద్దరికయినా బతుకులో ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ వస్తుందని లెక్కలు వేశారు. చాలామందికి పాతికేళ్లలోపే మొదలవుతుంది. కొందరు ఆడవాళ్లకు కాన్పు అయిన కొత్తలో మొదలవుతుంది. “పసివాడికి నా చేత్తో ఏం హాని చేస్తానో” అన్న పాడు ఆలోచన వచ్చి, ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయే తల్లులున్నారు. వాళ్లు దుర్మార్గులు కారు. దుర్మార్గులకు ఆ ఆలోచన బాధ కలిగించదు.

అసలు పాడు ఆలోచనలు రానివాళ్లంటూ వున్నారా? 1978లో రాక్‌మన్, డిసిల్వా అన్న ఇద్దరు మనస్తత్వశాస్త్రజ్ఞులు ఆరోగ్యంగా వున్న మామూలు మనుషులను అడిగిచూశారు. అత్యధికులు తమకూ అలాంటి ఆలోచనలు వస్తాయనే చెప్పారు. మేడ మీద నిలబడితే దూకితేనో అనిపించటం, దేవుడి ముందు కళ్లు మూసుకుంటే చెడ్డమాట నాలుక మీదికి రావటం, ఇవన్నీ అందరికీ వున్నవే. మనం వాటిని “ఛీ, ఏమిటీ పిచ్చి” అని దులుపుకు పోతాం. ఓ.సి.డి. వున్న మనిషి దులుపుకోలేదు. ఆ ఆలోచన రావటమే ఒక నేరంలా, ముందుగా వచ్చిన హెచ్చరికలా తోస్తుంది. దానికి ఏదో ఒక ప్రతిక్రియ చేస్తేనే గాని ఊపిరాడదు. ప్రతిక్రియ చెయ్యగానే కాసేపు హాయిగా వుంటుంది. ఆ కాసేపటి హాయే కొంప ముంచుతుంది. “కడిగాను గనుక బతికాం” అని మనసు పాఠం నేర్చుకుంటుంది. మళ్లీసారి ఇంకొంచెం ఎక్కువ కడగమంటుంది. దురదను గోకినట్టే. గోకినప్పుడు సుఖం, గోకినకొద్దీ దురద.

ఇక్కడ మన ఇళ్లలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. “మరి మా అమ్మమ్మ మడి కట్టుకునేది కదా, అదీ జబ్బేనా?” అని. కాదు. మడికి కట్టుకోటమూ వుంది, విప్పుకోటమూ వుంది. వంట అయింది, నైవేద్యం అయింది, ఇక ఆవిడ అరుగుమీద కూర్చుని పక్కింటావిడతో కబుర్లు చెప్పుకునేది. మనసుకు తృప్తి. ఈ జబ్బులో విప్పుకోటం లేదు. ఎన్నిసార్లు తడిగుడ్డ ఆరేసినా పని పూర్తయిందన్న తృప్తి రాదు. మరో తేడా కూడా వుంది. అమ్మమ్మ తను చేసేది సరి అయినదే అనుకుని చేసేది. మన పాఠకురాలి అక్కగారికి తను చేసేది అర్థంలేనిదని తెలిసే చేస్తోంది. రోజులో గంటకు మించి కాలం దీనికే పోతూవుంటే, లేదా దీనివల్ల ఇంటి పనీ పిల్లల చదువూ పాడవుతూవుంటే, అది చాదస్తం హద్దు దాటిందని డాక్టర్లు చెప్పే గుర్తు.

ఇప్పుడు రెండవ సంగతి, మానసిక గాయం. ఒళ్లు గగుర్పొడిచే ఘటన జరిగి మనిషి దానినుంచి తేరుకోలేకపోవటం కొత్త సంగతి కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాలలో ఫిరంగుల మోత విన్న సిపాయిలు, ఒంటిమీద దెబ్బ లేకుండానే మాట పడిపోయి, వణుకుతూ వచ్చారు. చార్లెస్ మయర్స్ అన్న ఇంగ్లీషు వైద్యుడు 1915లో ఈ స్థితిని గురించి ‘షెల్ షాక్’ అన్న పేరుతో రాశాడు. వియత్నాం యుద్ధం ముగిసిన తరువాత 1980లో అమెరికా మనోవైద్యులు తమ గ్రంథంలో దీనికి పి.టి.ఎస్.డి. అని పేరు పెట్టి చేర్చారు. యుద్ధమే కానక్కరలేదు. ప్రమాదం, తుపాను, అత్యాచారం, చిన్నతనంలో పడిన హింస, కళ్లెదుట చావు, ఏదయినా ఈ గాయం చెయ్యగలదు.

ఈ రెండు జబ్బులూ పైకి చూస్తే అక్కచెల్లెళ్లలా వుంటాయి. రెంటిలోనూ వద్దన్న బొమ్మలే కళ్లముందుకు వస్తాయి. రెంటిలోనూ మనిషి కొన్ని చోట్లకు వెళ్లటం, కొన్నిటిని ముట్టుకోవటం మానేస్తాడు. అయితే వాటి చూపు వేరు. గాయపడిన మనసు వెనక్కి చూస్తుంది: “అలా జరిగిపోయింది” అని. ఓ.సి.డి. ముందుకు చూస్తుంది: “అలా జరుగుతుందేమో” అని. అంబులెన్సు కూత వినగానే ఆ రోజు మళ్లీ ఎదుట జరుగుతున్నట్టు వణికిపోతే అది మొదటిది. పాలపాకెట్టు కడక్కపోతే పిల్లలు కూడా పోతారని వణికితే అది రెండవది. ఒకే మనిషిలో రెండూ వుండవచ్చు. అప్పుడు అవి ఒకదానికొకటి మేత వేసుకుంటాయి. జ్ఞాపకం భయాన్ని లేపుతుంది. భయం కుళాయి దగ్గరకు పంపుతుంది. కడుగుతున్నంతసేపూ జ్ఞాపకం కాస్త వెనక్కి తగ్గుతుంది. అందుకే కడగటం మానటం అంత కష్టం. 2013లో వచ్చిన అమెరికా వర్గీకరణలో ఈ రెండు జబ్బులనూ విడివిడి అధ్యాయాలలో పెట్టారు. పుస్తకంలో విడదీసినంత తేలిగ్గా మనిషిలో విడదియ్యటం కుదరదు.

అయితే గాయమే ఓ.సి.డి.కి కారణమా? ఈ ప్రశ్న దగ్గర తొందరపడకూడదు. మన కథలలో, సినిమాలలో అన్నిటికీ ఒక్క ఘటన కారణంగా చూపిస్తారు. ఆ ఘటన గుర్తుకు రాగానే జబ్బు మాయమవుతుంది. నిజం బతుకులు అంత చక్కగా కుట్టివుండవు.

అమెరికాలో హోవర్డ్ హ్యూస్ అని గొప్ప ధనవంతుడుండేవాడు. 1905లో పుట్టాడు. సినిమాలు తీశాడు, విమానాలు కట్టాడు. 1938లో 91 గంటలలో భూమి చుట్టూ విమానం నడిపి చరిత్రకెక్కాడు. ఈయన తల్లికి కొడుక్కు ఎక్కడ జబ్బు అంటుకుంటుందోనని విపరీతమైన భయం. ఆమె 1922లో, తండ్రి 1924లో పోయారు. ఇరవై ఏళ్లు నిండకముందే ఆ పిల్లవాడు ఒంటరి అయ్యాడు. 1946 జూలైలో తను నడుపుతున్న విమానం ఇళ్లమీద కూలి, చావు తప్పి బయటపడ్డాడు. సూక్ష్మజీవుల భయం రాను రాను ముదిరింది. చివరి ఏళ్లు హోటళ్ల పై అంతస్తులలో, తెరలు వేసిన గదులలో గడిపాడు. పళ్ల డబ్బా ఒకటి తెరవాలంటే నౌకర్లు చేతులు ఎలా కడగాలో, డబ్బాను ఎలా తోమాలో వరుసగా రాసిపెట్టిన ఆజ్ఞలుండేవి. ఏ వస్తువు అందించినా కాగితపు రుమాళ్లలో పట్టుకుని అందించాలి. అంత శుభ్రం కోరిన మనిషి చివరకు గోళ్లు తీయించుకోక, జుట్టు కత్తిరించుకోక, స్నానం లేక, ఎముకల గూడై 1976 ఏప్రిల్‌లో పోయాడు.

ఇప్పుడు చెప్పండి, ఆయన జబ్బుకు కారణమేది? తల్లి భయమా? తల్లిదండ్రుల మరణమా? విమాన ప్రమాదమా? తల్లిని చిన్నతనంలో పోగొట్టుకున్న పిల్లలు లోకంలో ఎంతమంది లేరు! వాళ్లందరికీ ఈ జబ్బు రాలేదు. ఏ ఘోరమూ జరగని ఇంట్లో పుట్టి, అల్లారుముద్దుగా పెరిగి, పన్నెండో ఏట గోడమీది గీతలు లెక్కపెట్టటం మొదలుపెట్టిన పిల్లలున్నారు. కుటుంబంలో ఒకరికి వుంటే దగ్గరి రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం మామూలుకన్న ఎక్కువ. మెదడులో కొన్ని భాగాల మధ్య నడిచే వార్తాహారం ఈ రోగులలో వేరుగా వుంటుందని పరిశోధకులు చెబుతున్నారు. కనుక విత్తనం ముందే వుండవచ్చు. గాయం వాన వంటిది. విత్తనమున్న చోట వాన పడితే మొలక లేస్తుంది. విత్తనం లేనిచోట ఎంత వాన కురిసినా ఆ మొక్క రాదు. వాన సరిగా పడకపోయినా కొన్ని విత్తనాలు మొలవక మానవు.

గాయం మరో పని కూడా చేస్తుంది. జబ్బుకు మాటలు అందిస్తుంది. ఏమిటి భయపడాలో, దేన్ని కడగాలో అదే నేర్పుతుంది. దొంగతనం జరిగిన ఇంట్లో తాళం భయం, అగ్నిప్రమాదం చూసినవాడికి గ్యాసు భయం, అంటురోగంతో మనిషి పోయిన ఇంట్లో అంటు భయం. పైగా 2020లో చేతులు కడుక్కోమని ప్రభుత్వాలూ డాక్టర్లూ టెలివిజన్లూ అందరూ చెప్పారు. 20 సెకన్లు సబ్బుతో కడగమన్నారు. అది ఆనాటికి మంచి మాటే. మనలో చాలామందికి రోగం తగ్గుముఖం పట్టగానే ఆ భయమూ తగ్గింది. కొందరికి మాత్రం ఆ 20 సెకన్లు ఇంకా పూర్తికాలేదు.

అన్నిటికన్న సూక్ష్మమైన సంగతి ఇంకొకటుంది. పైన చెప్పిన రాక్‌మన్ 1994లో ఒక వ్యాసంలో, చేతికి అంటిన మురికి వేరు, మనసుకు అంటిన మురికి వేరు అని ప్రతిపాదించాడు. మోసపోయినవాళ్లకు, అవమానం పొందినవాళ్లకు, అత్యాచారానికి గురైనవాళ్లకు, తామే తప్పు చేశామనుకునేవాళ్లకు ఏ వస్తువునూ ముట్టుకోకుండానే మైల పడినట్టుంటుంది. ఒక పేరు వింటే చాలు, ఒక మొహం గుర్తుకు వస్తే చాలు. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నాటకంలో హత్యకు పురికొల్పిన రాణి నిద్రలో నడుస్తూ లేని నెత్తురు మరకను కడుక్కుంటూ వుంటుంది. అక్కడ పాపం చేసిన మనిషి కడుక్కుంటోంది. మన ఇళ్లలో విషాదం ఏమిటంటే, ఏ పాపమూ ఎరగనివాళ్లు, ఇతరుల పాపానికి బలి అయినవాళ్లు కూడా అలాగే కడుక్కుంటారు. ఒక పిల్ల ఉన్నట్టుండి గంటలకొద్దీ స్నానం చెయ్యటం మొదలుపెడితే విసుక్కునేముందు తల్లి ఒక్క క్షణం ఆగాలి. అది ఓ.సి.డి. కావచ్చు, ఏమీ కాకపోవచ్చు, చెప్పుకోలేని గాయమూ కావచ్చు. “నీళ్లన్నీ అయిపోయాయి” అని కేకవేస్తే ఆ పిల్ల ఎన్నటికీ చెప్పదు.

మన పాఠకురాలి అక్కగారు కూడా, ఉత్తరాన్నిబట్టి చూస్తే, పాలపాకెట్టుమీది మురికినే కడుగుతున్నారని అనుకోవటానికి లేదు. “నేనే తెచ్చాను” అన్న మాట ఒకటి ఆమె గుండెల్లో వుంది. 2021 మే నెలలో ఆ రోగం దేశంలో ఇంటింటికీ తిరిగింది. ఎవరివల్ల ఎవరికి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అదీగాక, చివరిచూపు లేదు, చెయ్యి పట్టుకోటం లేదు. మనిషి పోయాడన్న సంగతిని మనసుకు నచ్చచెప్పటానికి పెద్దలు ఏర్పాటుచేసిన క్రతువులేవీ జరగవలసినట్టు జరగలేదు. దుఃఖానికి దారి మూసుకుపోయింది.

ఇక వైద్యం. ముందుగా చెప్పవలసిన శుభవార్త ఏమిటంటే, ఈ జబ్బుకు మంచి వైద్యం వుంది. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అన్న మనస్తత్వశాస్త్రజ్ఞుడు, అప్పటిదాకా లొంగని జబ్బుగా పేరుపడిన దీనిమీద కొత్త పద్ధతి ప్రయోగించి ఇద్దరు రోగుల సంగతి ప్రచురించాడు. భయపడే వస్తువు దగ్గరకు రోగిని తీసుకుపోవటం, ఆ తరువాత కడుక్కోనివ్వకుండా వుంచటం, ఇంతే ఆ పద్ధతి. వినటానికి క్రూరంగా వుంటుంది. ఈనాడు దాన్ని ఎంతో మెత్తగా, రోగి ఇష్టంతో, మెట్టుమెట్టుగా చేస్తారు. భయాలన్నిటికీ ఒక నిచ్చెన గీస్తారు. అన్నిటికన్న చిన్న భయం కింది మెట్టు. మొదటి వారం తలుపు గడియ ముట్టుకుని పది నిమిషాలు చేతులు కడక్కుండా వుండాలి, అంతే. గుండె దడదడలాడుతుంది. ఆడనిస్తారు. ఆకాశం విరిగిపడదు. ఆ దడ, ఏమీ చెయ్యకపోయినా, కాసేపటికి తనంత తనే దిగుతుందని, దిగకపోయినా దాన్ని భరించవచ్చునని మనసు తెలుసుకుంటుంది. తరువాత అరగంట. ఆ తరువాత పాలపాకెట్టు. మాటలతో ఎంత చెప్పినా ఎక్కని పాఠం ఇలా అనుభవంతో ఎక్కుతుంది.

మందులూ వున్నాయి. 1960ల నాటి క్లోమిప్రమిన్ ఈ జబ్బుకు పనిచేస్తుందని రుజువయింది. ఆ తరువాత వచ్చిన ఫ్లువోక్సమిన్, ఫ్లువోక్సెటిన్, సెర్ట్రలిన్ వంటివి దుష్ఫలితాలు తక్కువ గనుక ఈనాడు ముందుగా వాటినే ఇస్తారు. ఇవి నిద్రమాత్రలు కావు, మత్తుకు అలవాటు చెయ్యవు. వీటి విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మామూలు దిగులుకు ఇచ్చే మోతాదుకన్న దీనికి తరచుగా ఎక్కువ మోతాదు కావలసివస్తుంది. గుణం కనిపించటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. మనవాళ్లు పదిహేను రోజులు వాడి, “ఈ డాక్టరు మందు పనిచెయ్యలేదు” అని మరో డాక్టరును వెతుక్కుంటారు. గుణం కనబడగానే చెప్పకుండా మానేస్తారు. రెండూ పొరపాటే. మందు వాడినవాళ్లలో సుమారు సగంమందికి చెప్పుకోదగ్గ మేలు జరుగుతుంది. మందూ, పైన చెప్పిన సాధనా కలిస్తే మరీ మంచిది.

గాయం కూడా వున్నప్పుడు ఏం చేస్తారు? ఇదే మన పాఠకురాలి రెండవ ప్రశ్న. కడగటం ఒక్కటే మాన్పించబోతే, ఇన్నాళ్లూ దానిచాటున దాక్కున్న జ్ఞాపకం పైకి రావచ్చునని వైద్యులు కొందరు రోగులలో గమనించారు. అందుచేత అనుభవమున్న వైద్యుడు మొదటిరోజునే రెండింటిని గురించీ అడుగుతాడు. గాయానికి వేరే వైద్యముంది. మాట్లాడే వైద్యమే, కాని ఊరికే మాట్లాడటం కాదు. ఆ రోజును గురించి నమ్మదగిన మనిషి ఎదుట, తగిన సమయంలో, ఒక పద్ధతి ప్రకారం చెప్పించి, దానికి అంటుకున్న “నాదే తప్పు” అన్న తీర్పును తిరిగి విచారణకు పెట్టిస్తారు. ముందు ఏది, వెనక ఏది, రెండూ కలిపా అన్నది రోగిని చూసి నిర్ణయించవలసిన సంగతి.

కనుక, సోదరీ, ఇంట్లో మీరు కూర్చోబెట్టి ఆ రోజు సంగతి కదపవద్దు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ “ఎలా జరిగిందమ్మా?” అని మొదటినుంచీ చెప్పించుకోవటం మనకు అలవాటు. అది వైద్యం కాదు. పుండును రేపటమే. అలాగని, ఆమె తనంత తను చెప్పుకోబోతే “ఇప్పుడవన్నీ ఎందుకులే” అని నోరు కూడా మూయించవద్దు. వినండి. విని, “నీ తప్పు లేదు” అని నిమిషానికోసారి వాదించకుండా, పక్కన కూర్చోండి.

ఇంట్లో మిగిలినవాళ్లు చెయ్యవలసింది ఒకటుంది, అన్నిటికన్న కష్టమైనది. హోవర్డ్ హ్యూస్ నౌకర్లను గుర్తుతెచ్చుకోండి. యజమాని చెప్పిన ప్రతి ఆజ్ఞా శిరసావహించారు. ఆయన అడిగినన్నిసార్లూ చేతులు కడుక్కున్నారు. అలా వాళ్లు సేవ చేసింది మనిషికి కాదు, జబ్బుకు. మన ఇళ్లలో జీతం లేకుండానే ఆ సేవ జరుగుతుంది. పిల్లలు గుమ్మంలో బట్టలు మార్చుకుంటారు. చెల్లెలు పాలపాకెట్టు తనే కడిగిపెడుతుంది. “శుభ్రంగానే వుంది కదా?” అని అడిగితే ఇరవైసార్లు “శుభ్రంగానే వుంది” అంటారు. అంతా ప్రేమతోనే. ఆ ప్రేమ తిన్నగా జబ్బు నోట్లోకే పోతుంది. అయితే మర్నాడు ఉదయమే అందరూ ఒక్కసారి ఎదురు తిరగటమూ తప్పే. కుళాయి కట్టేసి, సబ్బు దాచేస్తే ఆమె కుప్పకూలిపోతుంది. వైద్యుడి సలహాతో, ఆమెకు చెప్పి, ఆమె చేత ఒప్పించి, ఒక్కొక్కటే మానాలి. “అక్కా, నీకు భయంగా వుందని నాకు తెలుసు. నీ దగ్గరే కూర్చుంటాను. పాకెట్టు మాత్రం ఇవాళ కడగను” అన్న తరహాలో మాట్లాడండి. వెక్కిరింపు వద్దు, సుభాషితాలూ వద్దు. “మనసు గట్టి చేసుకో” అన్నది ఆమె తనకు తను రోజుకు వందసార్లు చెప్పుకుంటున్న మాటే.

ఎక్కడికి వెళ్లాలి? హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలున్నాయి. చాలా పెద్ద ఆస్పత్రులలో మానసిక వైద్యవిభాగం వుంటుంది. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో ఈ జబ్బుకే ప్రత్యేకమైన క్లినిక్ నడుస్తోంది. ముందు ఎవరితోనైనా మాట్లాడి చూద్దామనుకుంటే, 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ వుంది. 14416 నంబరుకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా రాత్రీ పగలూ మాట్లాడతారు, తెలుగులోనే. ఎప్పుడైనా ఆమె నోట “నేనూ పోతే బాగుండు” అన్న మాట వస్తే మాత్రం ఆలోచిస్తూ కూర్చోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి. 2017 చట్టం ప్రకారం ఆరోగ్య బీమా కంపెనీలు శరీర రోగాలతో సమానంగా మానసిక రోగాల వైద్యానికీ బీమా కల్పించాలి. మీ పాలసీ కాగితం ఒకసారి తిరగవేసి చూడండి.

అక్కగారు వెళ్లనంటారేమో. “నాకేం పిచ్చా?” అనవచ్చు. అప్పుడు పిచ్చి మాట ఎత్తవద్దు, కడగటం మాటా ఎత్తవద్దు. రెండు గంటల స్నానంతో చేతులు పాసిపోయివుంటాయి, నిద్ర సరిగా వుండదు. ఆ రెంటికోసం రమ్మనండి. ఇంకో సంగతి కూడా చెప్పండి. హాల్‌టిక్కెట్టు అక్షరాలు చెరిగిన రోజున ఆమె తన కూతురికంటె ఎక్కువ ఏడ్చిందని రాశారు. ఆ ఏడుపులో మానాలన్న కోరిక వుంది. వైద్యుడికి కావలసిన మొదటి పెట్టుబడి అదే.

ఆ పిల్లకు మరో హాల్‌టిక్కెట్టు ఇప్పించారనే తలుస్తాను. కాలేజీ ఆఫీసులో అడిగితే ఇస్తారు, భయం లేదు. పరీక్షలయ్యాక అక్కగారి సంగతి ఎలా వుందో మళ్లీ ఒక ఉత్తరం రాయండి.